కాలమునకు ఎదురీదిన పడవ

బొమ్మలకు ప్రాణము పోసి, వాటి సరసన సజీవులైన మనుష్యులను నిలిపెడి విద్య చలనచిత్రములలో చాల పాతది. అమెరికాలో 1914 లోనే విన్సర్ మెకే అను చిత్రకారుడు తాను గీసిన డైనోసారును తెరమీద నడిపించి, తాను వేదికపై నిలిచి దానితో ముచ్చటించినాడు. 1933 నాటి 'కింగ్ కాంగ్' సంగతి సరేసరి. అయితే ఆ చిత్రములలో బొమ్మ వచ్చినది నవ్వించుటకో, భయపెట్టుటకో. పిల్లలకు విసుగు పుట్టకుండ శాస్త్రమును చెప్పుటకు ఈ విద్యను వాడిన చిత్రములలో మేము ముందుగా పేర్కొనదలచునది 1955 లో చెకొస్లొవేకియాలో వెలువడిన 'ఆదికాలమునకు ప్రయాణము'.

దీని దర్శకుడు కారెల్ జెమాన్ (1910-1989). ఆయన పనిచేసిన స్టూడియో జ్లీన్ పట్టణములో ఉండెడిది. ఆ ఊరి పేరు విననివారికిని అక్కడి సరకు పరిచితమే. మన గడపలవద్ద విడిచెడి బాటా చెప్పుల కంపెనీ పుట్టినది అక్కడనే. ఆ కంపెనీ ప్రకటనల కొరకు ఏర్పడిన స్టూడియోయే కాలక్రమమున బొమ్మల చిత్రములకు పుట్టినిల్లయినది. జెమాను కూడ ప్రకటనల పనినుండియే ఇటు వచ్చినాడు. అంగడి అద్దాల వెనుక వస్తువును ఎట్లు నిలిపిన బాటసారి ఆగునో ఎరిగినవాని చూపు ఈ చిత్రములో అడుగడుగునను కనిపించును.

కథ మిక్కిలి చిన్నది. నలుగురు బాలురు. వారిలో కడగొట్టువాడైన యిర్కాకు ట్రైలోబైటు అను ప్రాచీన సముద్రజీవి శిలారూపము దొరికినది. ఆ జీవిని ప్రాణముతో చూడవలెనని వాని పట్టు. నలుగురును పడవ నెక్కి ఒక గుహలో ప్రవేశించి, ఆవలి వైపున మంచుయుగములో తేలుదురు. నది వెంట సాగినకొలది కాలము వెనుకకు పోవుచుండును. మొదట బొచ్చు ఏనుగులు, తరువాత డైనోసారులు, పిమ్మట నేలబొగ్గుకు మూలమైన చిత్తడి అడవులు, కట్టకడపట ఆదిసముద్రపు తీరము. మన పాఠ్యపుస్తకములు సృష్టిని మొదటినుండి చెప్పుకొని వచ్చును. ఇచ్చట వరుస తిరుగబడినందున, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట పిల్లవానికి సులభమైనది.

ఈ మృగములను జెమాన్ తన యిష్టము వచ్చినట్లు కల్పింపలేదు. ప్రాచీనజీవుల చిత్రణలో ప్రసిద్ధుడైన జ్దెన్యెక్ బూరియన్ చిత్రములను ఒరవడిగా పెట్టుకొన్నాడు. శిలాజశాస్త్రజ్ఞుడు యోసెఫ్ ఆగుస్తా సలహాదారుగా నిలిచినాడు. గోడమీద కదలక ఉండెడి చిత్రమును కదిలించుటయే జెమాన్ పని. కాని ఆ పని ఎంతటిదో చూడుడు. తెరమీద క్షణమునకు 24 చిత్రములు నడచును. బొమ్మను వెండ్రుకవాసి కదపుట, ఒక చిత్రము తీయుట, మరల కదపుట. ఒక్కొక్క చిత్రమునకును ఒక్కొక్క కదలిక చొప్పున, నిమిషమునకు 1,440 సారులు! బాలురును మృగమును ఒకేచోట కనబడవలెనన్నచో మరియొక ఉపాయము కలదు. కటకము ఎదుట సగభాగమును నల్లని అట్టతో కప్పి బాలురను తీయుదురు. ఫిల్మును వెనుకకు త్రిప్పి, ఈ సగము కప్పి, ఆ సగములో బొమ్మను తీయుదురు. రెండింటి అతుకు ఏ నీటి అంచుననో, ఏ రెల్లు పొదలోనో దాగిపోవును. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లీ కెమెరా మాయలను చూచి మురిసిన మన ఇండ్లవారికి ఈ అతుకును వెదకుటయే ఒక వేడుక.

మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము వేరు. రాత్రి ఒక స్టెగోసారసు, దానిపైబడిన మాంసాహారి పోరాడినవి. తెల్లవారి చూడగా స్టెగోసారసు చచ్చిపడి యున్నది. బాలురు భయభయముగా చేరి, దానిని తడవి చూచి, కొలతలు తీసికొందురు. రాత్రి కదలినది చిన్న బొమ్మ. పగటి కళేబరము నిలువెత్తు నమూనా. కాని ఆ పసిచేయి దానిమీద పడిన క్షణమున రెండును ఒక్క జంతువే అయినవి. భీతి పోయి జిజ్ఞాస పుట్టుటను ఇంత సూటిగా చూపిన దృశ్యము మేము వేరొకచోట చూచి యెరుగము.

1966 లో అమెరికాలో ఈ చిత్రమునకు న్యూయార్కు మ్యూజియములో తీసిన క్రొత్త ఆరంభము తగిలించి విడుదల చేసినారు. అది వృథాశ్రమ. గుహలోనికి పడవ ఎట్లు పోయినదని పిల్లలు అడుగరు, పెద్దలే అడుగుదురు.

ఇక పెద్ద ప్రశ్న. ఈ చిత్రములోని శాస్త్రము పాతబడినది గదా, నేటి పిల్లలకు చూపవచ్చునా? తోక నేల నీడ్చుకొనుచు మందముగా నడచెడి డైనోసారు భావనను 1960 ల తరువాతి పరిశోధనలు మార్చివేసినవి. అయినను చూపవలెననియే మా అభిప్రాయము. తప్పును దాచక, పిల్లలచేతనే పట్టింపవలెను. అందుకు సాధనము మనకు దూరమున లేదు. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన ఎముకలను కూర్చి నిలిపిన కోటాసారస్ అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో కలదు. 2019 లో పునరుద్ధరింపబడిన ఈ చిత్రమును ముందు చూపి, తరువాత పిల్లలను అచ్చటికి కొనిపోవుడు. తోక ఎట్లున్నదో వారినే చూచి చెప్పుమనుడు.