మీటరు మీద ఎవరి పేరుంది? మన తీరాన కరెంటు కథ, మిద్దె మీద సోలారు దాకా

ఈ ఏడాది నివేదికలో మిద్దె మీద సోలారు గురించి ఒక వ్యాసం రాయమని సమాఖ్య మీటింగులో నాకు ఒప్పజెప్పినారు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. ఇంజనీర్ల మాదిరి రాయలేను. అయితే సోలారు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు నాకొక సంగతి తెలిసొచ్చింది. అది మీకు చెప్పాలంటే అసలు కరెంటు మన ఇళ్ళకు ఎట్లా వచ్చిందో మొదట్నుంచి చెప్పుకోవాల.

నేను పుట్టింది 1989లో. ఆ ఏడాది నవంబరులోనే కావలి దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది. స్తంభాలన్నీ పడిపోతే ఊరంతా చాన్నాళ్ళు చీకట్లో ఉండిందని మా అమ్మ చెప్తా ఉండేది. నాకు నవ్వొచ్చేది, ఎందుకంటే అప్పటికి మా ఇంట్లో కరెంటే లేదు. పోయింది పక్కింటి కరెంటు! మాకు కిరోసిన్ బుడ్డే. తర్వాత మాకు ఒక బల్బు కనెక్షన్ వచ్చింది. పేదల ఇళ్ళకు ఒక్కో బల్బు ఇచ్చే కుటీరజ్యోతి పథకాన్ని కేంద్రం 1988-89లో మొదలుపెట్టింది. దరఖాస్తు మీద ఇంటి యజమాని అని ఉన్నచోట నాన్న పేరు రాసినారు. అమ్మ పేరు రాయాలని ఎవరికీ తోచలేదు, అమ్మకు కూడా.

అప్పట్లో కరెంటంటే బోర్డే. 1959లో పెట్టిన రాష్ట్ర విద్యుత్ బోర్డు కరెంటు తయారు చేసేది, లైన్లు లాగేది, బిల్లు కూడా అదే ఇచ్చేది. 1999లో దాన్ని జెన్‌కో, ట్రాన్స్‌కో అని విడగొట్టినారు. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చినాయి. మన నెల్లూరు తిరుపతి ఆఫీసు కింద ఉండే దక్షిణ ప్రాంత కంపెనీకి పోయింది. రేట్లు ఖరారు చేసేదానికి విద్యుత్ నియంత్రణ కమిషన్ వచ్చింది. పేర్లు ఇన్ని మారినా మీటరు మీద మగవాళ్ళ పేర్లు మాత్రం మారలేదు.

అదే కాలంలో మన జిల్లా ఆడవాళ్ళు ఏం చేసినారో గుర్తు చేసుకోండి. దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటా సారా మీద తిరగబడినారు. ఆ మంట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దాని వెనకే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు లేచినాయి. పాసుపుస్తకం మన పేరున వచ్చింది. 1999లో దీపం పథకం కింద గ్యాసు బండ కూడా మన పేరునే వచ్చింది. 2020 డిసెంబరులో ఇచ్చిన ఇళ్ళ పట్టాలూ ఆడవాళ్ళ పేరునే ఇచ్చినారు. పొదుపు మనది, బండ మనది, పట్టా మనది. కరెంటు మీటరు మాత్రం మామగారిది, ఆయన పోయి పదేళ్ళయినా ఆయనదే. బిల్లు కట్టేదే గదా, ఎవరి పేరుంటే ఏమి అని మనమూ ఊరుకున్నాం.

ఈ మధ్యలోనే మన పక్కనే పెద్ద కరెంటు కేంద్రం లేచింది. ముత్తుకూరు మండలం నేలటూరులో, కృష్ణపట్నం రేవు పక్కన, దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టిన థర్మల్ స్టేషన్ అది. ఒక్కొక్కటీ 800 మెగావాట్ల రెండు యూనిట్లు 2014, 2015లో వచ్చినాయి. మూడోదాన్ని 2022 అక్టోబరులో ప్రారంభించినారు. బొగ్గు కాల్చి పుట్టించిన కరెంటు పెద్ద లైన్ల మీద ఎక్కడెక్కడికో పోతుంది. పుట్టేది మన తీరానే అయినా మనం కొనుక్కునే వాళ్ళమే. కరెంటు అమ్మేవాళ్ళు ఒకరు, కొనేవాళ్ళం మనం. అది అట్లనే ఉంటుందని అనుకున్నాం.

ఎండ నుంచి కరెంటు తీయొచ్చని 1954లో అమెరికాలో బెల్ లేబొరేటరీ వాళ్ళు సిలికాన్ పలకతో చూపించినారు. నాలుగేళ్ళకే, 1958లో, దాన్ని ఉపగ్రహానికి బిగించి పైకి పంపినారు. అప్పట్లో అది బంగారమంత ఖరీదు, ఇళ్ళ మీద పెట్టే మాటే లేదు. 1979లో మసాచుసెట్స్ అనే రాష్ట్రంలో స్టీవెన్ స్ట్రాంగ్ అనే ఆర్కిటెక్టు తాను కట్టిన అపార్టుమెంటు మీద పలకలు పెట్టి లైనుకు కలిపితే, ఎండ బాగా కాసినప్పుడు మీటరు వెనక్కి తిరిగిందంట. వాడుకోగా మిగిలింది లైనులోకి పోతా ఉంటే చక్రం ఎనక్కు పోదా మరి! 1983లో మిన్నెసోటా రాష్ట్రం దానికి చట్టమే చేసింది. నెట్ మీటరు అనేది అట్లా పుట్టింది.

మన దేశంలో జాతీయ సోలార్ మిషన్ 2010 జనవరిలో మొదలయింది. 2015లో ఆంధ్రప్రదేశ్ సోలార్ పాలసీలో నెట్ మీటరుకు చోటిచ్చినారు. అయినా మనలాంటి ఇళ్ళకు అది రాలేదు, పెద్ద మేడలకే పోయింది. గుజరాత్‌లో ధుండి అనే పల్లెలో కొద్దిమంది రైతులు సహకార సంఘం పెట్టుకుని, సోలారు మోటార్లతో నీళ్ళు తోడుకోగా మిగిలిన కరెంటును 2016 నుంచి లైనుకు అమ్మినారు. రాజస్థాన్‌లోని డుంగర్‌పూర్‌లో గిరిజన ఆడవాళ్ళు, మన మాదిరి సంఘాల వాళ్ళే, ఐఐటీ బొంబాయి వాళ్ళ దగ్గర పని నేర్చుకుని 2017లో పలకలు తయారు చేసే ఫ్యాక్టరీనే పెట్టినారు. ఇది చదివి నేను రెండు రోజులు అదే ఆలోచనలో ఉన్నా. సోలారు అన్నదల్లా మంచిదేనని నేను అనను. 2025లో ఉలవపాడు మండలం కరేడు రైతులు సోలారు ఫ్యాక్టరీకి భూములిచ్చేది లేదని హైవే మీద కూర్చున్నారు. మిద్దె మీద పలకకైతే ఎవరి పొలమూ అక్కర్లేదు.

మన ఇళ్ళకు దారి తెరిచింది 2024 ఫిబ్రవరిలో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ పథకం. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెడతామని, బీసీలకు రెండు కిలోవాట్లకు ఇంకో 20 వేలు కలుపుతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సబ్సిడీ ముందు రాదు, అంతా బిగించి నెట్ మీటరు పెట్టినాక పడుతుంది. ఎవరి ఖాతాలో? దరఖాస్తు ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో. దరఖాస్తు ఎవరి పేరున పెట్టాల? కరెంటు బిల్లు మీద ఎవరి పేరుంటే వాళ్ళ పేరున.

నేను చెప్తానన్న సంగతి ఇదే.

మా గ్రామైక్య సంఘం మీటింగుకు అందరినీ కరెంటు బిల్లులు తెమ్మన్నాం. చదువుతా పోతే సగం పేర్లు ఎప్పుడో పోయినవాళ్ళవి. ఒక బిల్లు మీద పేరు చూసి ఒక అక్క "ఇది మా మామ వాళ్ళ నాయన పేరు, నేనాయన్ను చూడనే లేదు" అంటే అందరం నవ్వినాం. ఆడవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా కొత్త కాలనీ ఇళ్ళవే. ఇంకో అక్క సంఘంలో అప్పు తీసుకుని అడ్వాన్సు కట్టేసింది. మీటరు ఊరొదిలి పోయిన ఆమె మొగుడి పేరున ఉంది. దరఖాస్తు ఆమె పేరున పోదు, ఆయన్ను పిలిస్తే రాడు. అడ్వాన్సు తీసుకున్న ఏజెంటు ఫోనెత్తడు. ఆ డబ్బు వెనక్కి రాబట్టేదానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ వడ్డీ కట్టింది ఆమే.

కాబట్టి ముందు పేరు మార్చుకోండి. ఇంటి పెద్ద చనిపోయుంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం పెట్టుకుని దరఖాస్తు చేసుకోవాల. ఆడబిడ్డల సంతకాల కాడ కొంచెం గలాటా అవుతుంది. ఇది ఆస్తి పంపకం కాదు, మీటరే అని కూర్చోబెట్టి చెప్పాల.

తర్వాత లెక్క. ఇది ఒప్పుకోవాలంటే కొందరికి కష్టం. ఈ మూడు నాలుగేళ్ళుగా మన ఇళ్ళ రేట్లు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. అరవై యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖర్చు 147 రూపాయలే. 220 కాల్చే ఇంటికి 987. మిగతా చార్జీలు వేరే. రెండు కిలోవాట్ల పలకలు మన ఎండకు నెలకు సుమారు 240 యూనిట్లు ఇస్తాయి. సబ్సిడీ పోను అరవై వేలు అప్పు మిగిలిందనుకుంటే, ఏడు శాతం వడ్డీకి ఐదేళ్ళలో తీర్చేదానికి నెలకు 1,190 దాకా కట్టాల. ఫ్రిజ్జు, మోటారు, ఏసీ ఉండే ఇంటికి బిల్లు డబ్బే కంతుకు దగ్గరగా వస్తుంది, అప్పు తీరినాక వచ్చేదంతా మిగులే. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉండే ఇంటికి అట్లా కాదు. మిగిలిన 180 యూనిట్లు అమ్ముకోవచ్చు గదా అంటారు. అమ్మే రేటు మనం చెప్పేది కాదు, కమిషన్ ఖరారు చేసేది. యూనిట్‌కు రెండు రూపాయలే అనుకుని లెక్కేస్తే 360 వస్తుంది. 147, 360 కలిపినా కంతులో సగం లేదు. అట్లాంటి ఇంటికి ఉచితంగా వస్తే పెట్టించుకోండి. అప్పు చేసి మాత్రం వద్దు. "కరెంటు అమ్మి లక్షాధికారి కావచ్చు" అని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

నెట్ మీటరు చదవటం మనమే నేర్చుకోవాల. దాంట్లో ఇంపోర్టు అంటే మనం లైను నుంచి తీసుకున్నది, ఎక్స్‌పోర్టు అంటే మనం పంపింది. పలకలు ఎనిమిది యూనిట్లు చేసినాయి, ఎక్స్‌పోర్టు ఐదే చూపిస్తుంది, మూడు ఎవరో దొంగిలించినారు అని ఒక పిన్నమ్మ గొడవ చేసింది. ఆ మూడూ పగలు వాళ్ళింట్లోనే వాడుకున్నారు. అవి మీటరు దాకా పోనే పోవు. ఇప్పుడామె రోజూ రెండు అంకెలూ పొదుపు పుస్తకం వెనక రాసిపెడతా ఉంది.

మన తీరానికి ఇంకొన్ని జాగ్రత్తలు. ఉప్పుగాలికి మామూలు ఇనుప స్టాండు తొందరగా తుప్పు పడుతుంది. జింకు పూత బాగా పట్టిందే అడగాల. తుఫాను గాలికి లేవకుండా కాళ్ళు శ్లాబులోకి గట్టిగా బిగించాల. ఉప్పుబోరు నీళ్ళతో కడిగితే తెల్లమరకలు పడతాయి, మంచినీళ్ళతో పొద్దున్నే తుడవండి. కొబ్బరిచెట్టు నీడ ఒక పలక మీద పడినా కరెంటు బాగా తగ్గుతుంది. ఇంకొకటి, తుఫానుకు ఊర్లో కరెంటు పోతే మిద్దె మీద పలకలున్నా బ్యాటరీ లేని ఇంట్లో లైటు వెలగదు. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు మన కరెంటు తగలకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. పోయిన తుఫానుకు మా ఊర్లో మొదట పెట్టించుకున్న ఇంట్లోనూ కొవ్వొత్తే వెలిగించినారు. ముందే చెప్పలేదని ఆ వదిన నామీద ఇప్పటికీ అలిగే ఉంది.

మా ఇంటి మీటరు మా మామ పేరున ఉండేది. సంతకాలన్నీ అయ్యేదానికి మూడు నెలలు పట్టింది. నా పేరున మార్చమని మా ఆయన అన్నాడు గానీ, మా అత్త ఒప్పుకోలేదు, "నలభై ఏళ్ళు బిల్లు కట్టింది నేను" అన్నది. నిజమే గదా. ఆమె పేరునే మార్చినాం. మొదటి బిల్లు వచ్చిన రోజు చదివించుకుని, మడిచి, గ్యాసు పుస్తకంలో పెట్టుకుంది. ఈ నెలలో సోలారు దరఖాస్తు పెడతా ఉన్నాం, వేలిముద్ర వేసేది ఆమే.