హైదరాబాదు పలకల మీద పడని చుక్క

పుష్యమాసపు రాత్రి మనూరులో దీపాల వెలుగు సోకని చోట నిలబడి దక్షిణానికి చూస్తే, ఓరయన్ పాదాల కింద మసకగా ఒక చిన్న తారామండలం కనిపిస్తుంది. పాశ్చాత్యులు దానిని కుందేలన్నారు. అందులో గ్లీజ్ 229 అనే ఎర్రని తార ఉంది. మనకు దాదాపు 19 కాంతి సంవత్సరాల దూరం, కంటికి ఆనదు. ఆ తార కథలో మన హైదరాబాదుకూ ఒక పుట ఉండాలని నా ఊహ.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వాధీనమయింది. అప్పటికి పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొని ఫోటోలు తీస్తున్నాయి. హైదరాబాదు వంతుకు దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. ఛాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్‌ల హయాములలో, ఎనిమిది అంగుళాల దూరదర్శినితో గాజుపలకలపై చిత్రాలు తీసి, ఏడు లక్షలకు పైబడిన తారల స్థానాలను కొలిచారు. యంత్రగణకాలు లేని రోజులవి. కొలిచినవారిలో అనేకుల పేర్లు నేడు ఎవరికీ గుర్తులేవు.

గ్లీజ్ 229 క్రాంతి దక్షిణ 21 డిగ్రీల పైచిలుకు. అంటే అది హైదరాబాదు పట్టీలోనిదే. దాని ప్రకాశాన్ని బట్టి చూస్తే ఆ పలకల మీద చుక్కగా పడే ఉండాలి. పక్కనున్న తోడు మాత్రం పడలేదు. నీలికాంతికి స్పందించే నాటి పలకలకు, పరారుణంలో మాత్రమే వెలిగే ఆ వస్తువు అందదు.

ఉదజనిని మండించుకోలేని తారలుంటాయని 1960ల తొలినాళ్ళలో శివ్ ఎస్. కుమార్ లెక్కగట్టారు. 1975లో జిల్ టార్టర్ వాటికి బ్రౌన్ డ్వార్ఫ్ అని పేరు పెట్టారు. 1995లో గ్లీజ్ 229 తోడు బయటపడింది. దాని వర్ణపటంలో మీథేన్ కనబడడంతో సందేహాలు తీరాయి. అది ఒకటి కాదు, జంట అని 2024లో తేలింది.

వీటిలో అతి శీతలమైనదిగా పేరొందిన వైజ్ 0855ను 2014లో కెవిన్ లూమన్ ప్రకటించారు. దాని వేడిమి నీరు గడ్డకట్టే స్థాయికి దరిదాపుల్లోనే ఉంటుంది. మా ఊరి చలిరాత్రికీ దానికీ పెద్ద తేడా లేదు. వేర్వేరు కాలాల చిత్రాలను పోల్చి, జరిగిన చుక్కను పట్టుకోవడమే దానిని కనుగొన్న ఉపాయం. బేగంపేటలో పలకలు కొలిచినవారు వేసిన బాట కూడా అదే. తారలు కదులుతాయి గనుక, నాటి స్థానాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. వారు రాసిపెట్టారు.