బంగారు జింకను పట్టిచ్చిన చెయ్యి

1874 ఫిబ్రవరి. ఇప్పటి మధ్యప్రదేశ్‌లో, సత్నాకు దగ్గర్లోని భర్హుత్ గ్రామం. కూలీలు పారలతో మట్టి తీస్తున్నారు. గట్టు మీద నిలబడి చూస్తున్న అరవయ్యేళ్ల దొర అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్, పురావస్తు సర్వే అధిపతి. అంతకుముందు నవంబరులో ఇటుగా వచ్చి, నేలలోంచి తేలిన రాతి స్తంభాలు చూసి ఆగిపోయినవాడు. ఇప్పుడు సహాయకుడు బెగ్లర్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు.

చుట్టూ జనం. దొర లంకెబిందెల కోసమే తవ్విస్తున్నాడని, రాళ్ల మీది రాతలు వాటి జాడ చెబుతాయని వాళ్ల అనుమానం. వాళ్లను తప్పుపట్టలేం. అది బౌద్ధ స్తూపమన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. దాని ఇటుకలు ఊడబెరికి ఊళ్లో ఇళ్లు కూడా కట్టేసుకున్నారు.

మట్టి దులిపిన ఎర్రరాళ్లలో ఓ గుండ్రటి శిల్పం. పైన బ్రాహ్మీ లిపిలో ‘మిగ జాతక’ అని పేరు. జాతకమంటే బుద్ధుడి పూర్వజన్మ కథ, మిగ అంటే జింక. అడుగున అలల గీతలతో నది. అందులో ఈదుతున్న జింక, దాని వీపు మీద ఓ మనిషి. కుడివైపు పైకి చూస్తే విల్లు ఎక్కుపెట్టిన రాజు. ఆయన దగ్గరే ఒకడు చెయ్యి చాపి ‘అదిగో’ అన్నట్టు జింకను చూపిస్తున్నాడు. ఇందాక దాని వీపెక్కి ఒడ్డున పడ్డవాడే!

కథ ఇదీ. కాశీలో ఓ షావుకారు కొడుకు ఆస్తంతా తగలేసి, అప్పులవాళ్ల పోరు పడలేక గంగలో దూకాడు. వాడి ఏడుపు విని బంగారు వన్నె జింక నీళ్లలోకి దిగింది. ఒడ్డుకు చేర్చి, తన జాడ ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది. అదే సమయంలో రాణిగారికి కలలో బంగారు జింక కనబడి ధర్మం చెప్పింది. అది కావాలని ఆమె పట్టుబట్టింది. రాజు బహుమానం చాటించాడు. ఇంక చెప్పేదేముంది, మాట తప్పడానికి షావుకారు కొడుక్కి ఎంతోసేపు పట్టలేదు.

ఇల్లాలు అడగడం, మగడు విల్లందుకోవడం మనకు కొత్త కాదు. మాయలేడి వచ్చింది ఇక్కడికేనని భద్రాచలం దగ్గరి పర్ణశాలలో చెప్పుకుంటారు. కాకపోతే మన బంగారు లేడి లోపల రాక్షసుడున్నాడు. భర్హుత్ జింక లోపల ఉన్నది బోధిసత్వుడు, అంటే బుద్ధుడు కాబోయేవాడు. ఇక్కడ మాయ చేసింది మనిషే.

శిల్పికి బాణం మీద పెద్ద మోజు లేదు. వేటను ఓ పక్కకు నెట్టి, నడిబొడ్డున జింకను తాపీగా కూర్చోబెట్టాడు. దాని ఎదుట అదే రాజు, చేతులు జోడించి. ఒకే చట్రంలో మూడు ఘట్టాలు, మధ్యలో గీత కూడా లేదు. చూసేవాడి కన్ను నది నుంచి విల్లుకు, విల్లు నుంచి నమస్కారానికి తనంతట తానే నడుస్తుంది. ఇరవై శతాబ్దాల కిందటి ఆ పనితనానికన్నా ఆ ధీమాకే నేను ఎక్కువ ముచ్చటపడతాను.

సంగతంతా తెలిశాక రాజు బాణం ద్రోహి మీదికి తిప్పాడని, వద్దని జింకే అడ్డుపడిందని, ఆపైన ప్రాణులన్నిటికీ అభయం అడిగిందని జాతకం చెబుతుంది. ఆ జన్మలో జింక తానేనని, రాజు తన శిష్యుడు ఆనందుడని, చెయ్యి చూపినవాడు తనకు ద్రోహం తలపెట్టిన దేవదత్తుడని బుద్ధుడు చివర్లో విప్పుతాడు.

తవ్వి తీసిన, స్తూపం చుట్టూ కట్టిన కంచె రాళ్లను తరవాత కలకత్తాకు తరలించారు. ఆ జింక ఇప్పుడు అక్కడి ఇండియన్ మ్యూజియంలో ఉంది. ఇంకొన్ని రాళ్లు అలహాబాద్ మ్యూజియానికి చేరాయి. స్తూపాన్ని చూద్దామని భర్హుత్ వెళ్తే మాత్రం దాని ఆనవాళ్లే మిగిలి ఉంటాయి.