చెఱకు తోట నుండి కారు టాంకు వరకు



బంకులో మనము మోటారు సైకిలుకు పోయించుకొనే పెట్రోలులో నేడు ఐదవ వంతు వరకు ఎథనాల్ కలిసియున్నది. ఎథనాల్ అంటే మరేమీ కాదు, సారాయిలో ఉండే ఆల్కహాలే. దానిని బాగా శుద్ధిచేసి, నీరు తీసివేసి పెట్రోలులో కలుపుతారు. "చెఱకు రసంతో బండి నడుస్తుందటగదా, మరి మా చెఱకుకు ధర పెరుగుతుందా?" అని గ్రామాలలో రైతులు అడుగుతూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు కావాలంటే బ్రెజిల్ దేశపు చరిత్ర కొంత తెలుసుకోవాలి. ఈ పని అక్కడ యాభై యేండ్ల క్రిందట పెద్దయెత్తున మొదలై, విపరీతముగా పెరిగి, ఒకసారి కుప్పకూలి, మళ్ళీ లేచి నిలిచింది. ఆ లేవడంలో, పడడంలో చెఱకు రైతు, కూలివాడు, కారు యజమాని ఎవరెవరు ఎంతెంత మోశారో చూడాలి.

పంట నుండి ఇంధనము తీయుట కొత్త సంగతి కాదు. 1900 లో పారిస్ నగరపు ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. అనంతపురం రైతు వింటే ఆశ్చర్యపోతాడు గాని, ఇది నిజము. ఆ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ స్వయముగా చెప్పిన మాట. అమెరికాలో 1906 లో పరిశ్రమలకు వాడే ఆల్కహాలుపై పన్ను ఎత్తివేసినప్పుడు, ఇక రైతులే ఇంధనము తయారు చేసికోగలరని అనేకులు ఆశపడ్డారు. కాని భూమిలోనుండి పెట్రోలు చవుకగా పొంగి వచ్చింది. చవుక సరుకు ముందు పంట ఇంధనము నిలువలేకపోయింది. పెట్రోలు దొరకనప్పుడే అందరికీ మళ్ళీ ఇవి గుర్తుకు వచ్చేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలములో మన ప్రాంతాలలో వెనుక బొగ్గు పొయ్యి తగిలించుకొని, పొగలు క్రక్కుతూ నడిచిన బొగ్గు బస్సుల సంగతి మన తాతల తరము వారు కథలు కథలుగా చెప్పేవారు. అదే కాలములో బ్రెజిల్‌లో కూడ బొగ్గు గ్యాసు కార్లు తిరిగాయి. యుద్ధము ముగిసింది, పెట్రోలు వచ్చింది, బొగ్గు పొయ్యిలు పాత ఇనుములోకి పోయాయి.

అయితే బ్రెజిల్ వారికి చెఱకు ఉన్నది. దిగుమతి చేసిన పెట్రోలులో నూటికి 5 వంతుల ఆల్కహాలు కలపాలని అక్కడి ప్రభుత్వము 1931 లోనే ఉత్తర్వు చేసింది. చక్కెర ధర పడిపోయి మిల్లులు గోలపెడుతున్న రోజులవి. మిగులు చెఱకుకు ఒక దారి చూపడమే ఆ ఉత్తర్వు అసలు ఉద్దేశము. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికి వస్తుంది.

1973 లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. పీపా 3 డాలర్ల ప్రాంతములో ఉన్న ముడిచమురు కొద్ది నెలలలో నాలుగింతలకు చేరువైంది. తాను వాడే చమురులో నూటికి 80 వంతులు బయటినుండి కొనే బ్రెజిల్‌కు ఊపిరాడలేదు. మరుసటి యేడే, 1974 నవంబరులో, చక్కెర ధర పౌనుకు 60 సెంట్లు దాటింది. అది చూచి మిల్లులు పెట్టుబడులు పెంచుకొన్నాయి, తోటలు పెరిగాయి. తరువాత ధర జారుతూ జారుతూ 1977 నాటికి 10 సెంట్ల లోపుకు దిగిపోయింది. ఒక చేత చమురు కొనలేని ప్రభుత్వము, మరొక చేత చక్కెర అమ్మలేని మిల్లులు. ఈ రెండు కష్టాలు కలిసి 1975 నవంబరు 14 న ఒక పథకమయ్యాయి. దాని పేరు ప్రోఆల్కూల్. అప్పటి అధ్యక్షుడు గైసెల్ సైనిక ప్రభుత్వాధినేత. ఎవరినీ అడుగనక్కరలేదు కనుక పని వేగంగా జరిగింది. మిల్లులకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చారు, ఆల్కహాలును ప్రభుత్వమే నిర్ణీత ధరకు కొంటానన్నది. బంకులో ఆల్కహాలు ధర పెట్రోలు ధరలో 65 శాతమునకు మించకుండా కట్టడి చేసింది.

ఇక ఇంజను సంగతి. పెట్రోలులో కొద్దిగా ఆల్కహాలు కలిపితే మామూలు ఇంజనే నడుస్తుంది. ఉత్త ఆల్కహాలుతో నడవాలంటే ఇంజనును మార్చాలి. లీటరు ఆల్కహాలులో వేడి పెట్రోలుకంటె మూడవ వంతు తక్కువ. కనుక ఎక్కువ త్రాగుతుంది. చలిలో తొందరగా అంటుకోదు. అందుకని బానెట్టు క్రింద ఒక చిన్న పెట్రోలు డబ్బా పెట్టి, ప్రొద్దున్నే దానితో స్టార్టు చేసేవారు. ఉర్బానో స్టుంఫ్ అనే ఇంజనీరు తన సహచరులతో ఈ చిక్కులపై పనిచేశాడు. 1976 లో మూడు ఆల్కహాలు బండ్లను దేశమంతట వేల కిలోమీటర్లు త్రిప్పి జనానికి చూపించారు. 1979 లో ఫియట్ 147 అనే చిన్నకారు ఆల్కహాలు ఇంజనుతో మార్కెట్టుకు వచ్చింది. ఆ యేడే రెండవసారి చమురు ధర పెరిగింది. ఇంకేమున్నది, 1985 నాటికి అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 90 పైగా ఆల్కహాలు కార్లే. 1975 లో సుమారు 60 కోట్ల లీటర్లున్న ఉత్పత్తి పదేండ్లలో 1,100 కోట్ల లీటర్లు దాటింది.

ఇంత ఆల్కహాలు తీస్తే దాని వెనుక మిగిలే మురుగు నీరు ఎంత? లీటరు ఆల్కహాలుకు 10 నుండి 15 లీటర్ల స్పెంట్‌వాష్. మొదట దానిని నదులలోకి వదిలారు, చేపలు చచ్చి తేలాయి. 1978 లో ప్రభుత్వము నిషేధించిన పిమ్మట మిల్లులు దానిని తోటలకు పారించడం నేర్చుకొన్నాయి. అందులో పొటాష్ బాగా ఉంటుంది. మోతాదులో వాడితే ఎరువు, మితిమీరితే నేల చవుడు, బావినీరు పాడు. మిల్లు నడిచేందుకు పిప్పినే మండించుకొన్నారు గనుక బయట బొగ్గు కొనే పని లేదు. ఈ ఆల్కహాలుకు గల పెద్ద బలము అదే.

ఇప్పుడు కూలివాని వద్దకు వద్దాము. సావొ పాలో రాష్ట్రములో గ్వరిబా అనే ఊరున్నది. అక్కడ చెఱకు నరికే కూలీలకు బరువునుబట్టి కూలి. ఒక్కొక్కడు ఐదు సాళ్ళు పట్టుకొని నరుకుతూ, నరికిన గడలను నడిమి సాలుపై వరుసగా పేర్చేవాడు. మిల్లులు ఐదు సాళ్ళను ఏడు చేశాయి. కాగితము మీద చూస్తే చిన్న మార్పు. చెఱకు నరికిన వారికి మాత్రము వెంటనే అర్థమవుతుంది: అంచు సాలునుండి నడుమకు గడలు మోసే దూరము పెరిగింది, మోతకు కూలి లేదు. మిల్లు బండి వరుసల మధ్య తక్కువ సార్లు తిరిగితే చాలు. ఆ మిగులంతా కూలివాని కాళ్ళనుండి వచ్చిందే. 1984 మే నెలలో కూలీలు కత్తులు క్రింద పెట్టారు. అల్లర్లు జరిగాయి, పోలీసులు వచ్చారు, ఒకరు ప్రాణము పోగొట్టుకొన్నారు. చివరకు మిల్లులు దిగివచ్చి మళ్ళీ ఐదు సాళ్ళకే ఒప్పుకొన్నాయి. చవుక ఇంధనము అని కారు యజమానులు మెచ్చుకొంటున్న ఆ సంవత్సరాలలో, ఆ చవుకలో కొంత భాగము ఈ సాళ్ళ లెక్కలోనుండి వచ్చినదే. తరువాతి కాలములో అక్కడ కోత యంత్రాలు వచ్చి కూలీల సంఖ్యే తగ్గిపోయింది. అది వేరే కథ.

కుప్పకూలడం ఇట్లా జరిగింది. 1986 లో చమురు ధర దబ్బున పడింది. ఆల్కహాలును పెట్రోలుకంటె చవుకగా అమ్మాలంటే ప్రభుత్వము తన జేబులోనుండి ఎక్కువ పెట్టుకోవాలి, జేబు ఖాళీ. మిల్లులకిచ్చే ధర బిగించింది. ఇంతలో ప్రపంచములో చక్కెర ధర పెరిగింది. మిల్లువాడేమి చేస్తాడు? అదే చెఱకు రసాన్ని చక్కెర వైపు త్రిప్పాడు. మిల్లులో గొట్టము త్రిప్పినంత సులువు అది. కాని రోడ్డుమీద లక్షలకొలది కార్లు ఆల్కహాలు తప్ప మరేమీ త్రాగవు. 1989 లో బంకులు ఎండిపోయాయి, మైళ్ళ పొడవున వరుసలు. చివరకు చమురు దిగుమతి తప్పించుకొందామని మొదలుపెట్టిన దేశము మెథనాలు అనే మరొక ద్రవాన్ని ఓడలలో దిగుమతి చేసికొని కలపవలసి వచ్చింది. జనము ఆ అవమానాన్ని మరువలేదు. పదేండ్లు తిరక్కుండా కొత్తగా అమ్మే కార్లలో ఆల్కహాలువి నూటికి ఒకటి కూడ లేకుండా పోయాయి.

మళ్ళీ లేవడానికి కారణము చెఱకు కాదు, కారే. 2003 మార్చిలో ఫోక్స్‌వాగన్ గోల్ అనే కారు వచ్చింది. పెట్రోలు పోసినా, ఆల్కహాలు పోసినా, రెండూ కలిపి పోసినా నడుస్తుంది. ఏది ఎంత ఉన్నదో ఇంజను తానే కనిపెట్టి సర్దుకొంటుంది. ఆనాటినుండి బ్రెజిల్ కారు యజమాని బంకులో ఒకే లెక్క వేస్తాడు: ఆల్కహాలు ధర పెట్రోలులో 70 శాతము లోపుంటే ఆల్కహాలు, మించితే పెట్రోలు. మిల్లుకు రెండు దారులు మొదటినుండీ ఉన్నాయి, ఇప్పుడు కారుకూ రెండు దారులు వచ్చాయి.

రైతుకో? ముచ్చెలు నాటితే మొక్క తోట, ఆ పైన కార్శి. బ్రెజిల్‌లో ఐదారు కోతల వరకు అదే తోట. ఈ సంవత్సరము ధర లేదని వచ్చే నెలలో పంట మార్చలేడు. 1990 దశకము చివర సావొ పాలో రైతు సంఘాలు, మిల్లులు కలిసి ఒక పద్ధతి ఏర్పరచుకొన్నాయి. దాని పేరు కొన్సెకానా. గడలోని తీపి ఎంత, ఆ సంవత్సరము చక్కెర ఎంతకు అమ్మింది, ఎథనాల్ ఎంతకు అమ్మింది అన్న మూడింటిని పట్టి రైతు ధర కట్టేవారు. ధర పడితే రైతుకూ నష్టమే. కాని ఎథనాల్ మీద లాభము వస్తే అందులో రైతుకు వాటా ఉన్నది. నా మట్టుకు నాకు ఆ దేశపు కథలో ఇంజనుకంటె ఇదే ముఖ్యముగా తోస్తుంది.

మన దేశములో 1948 లోనే పవర్ ఆల్కహాల్ చట్టము వచ్చింది గాని, ఆల్కహాలు రసాయన పరిశ్రమలకు, త్రాగుడుకు పోయింది, బండికి మిగలలేదు. 2003 లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాలలో 5 శాతము కలపడం మొదలైంది. అదే కాలములో అడవి ఆముదము నాటమని, బీడుభూమిలో డీజిలు పండుతుందని ఊదరగొట్టారు. బీడులో నీరు లేక గింజ రాలేదు, రైతులు పీకివేశారు. పెట్రోలులో ఎథనాల్ 2022 జూన్‌కు 10 శాతము, 2025 లో 20 శాతము చేరింది. టన్ను చెఱకు రసమంతా ఎథనాల్‌కు పోతే సుమారు 70 లీటర్లు వస్తుంది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుండి అయితే 10 లీటర్ల పైచిలుకే. 2023 లో వానలు తప్పినపుడు, చక్కెర తగ్గుతుందని ఆ డిసెంబరు 7 న కేంద్రము రసముతో ఎథనాల్ చేయడాన్ని ఆపింది. తరువాత కొంత సడలించి, 2024 ఆగస్టులో ఎత్తివేసింది. ఈలోగా మొక్కజొన్న ముందుకు వచ్చింది. టన్నుకు 370 లీటర్లకు పైగా ఇచ్చే ఈ గింజకు గిరాకీ పెరిగి, 2024 లో మన దేశము మొక్కజొన్నను ఎగుమతికంటె ఎక్కువ దిగుమతి చేసుకొన్నది.

మురుగు నీటి భయము మనకూ ఉన్నది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వద్ద ఎథనాల్ ఫ్యాక్టరీ వద్దని గ్రామస్థులు రోడ్డెక్కి పనులు నిలిపించారు.

మొదటి ప్రశ్నకు వస్తాను. మన చెఱకుకు కేంద్రము ప్రకటించే ధర చక్కెర రికవరీని బట్టి ఉంటుంది. ఎథనాల్ అమ్మకపు ధరలో రైతుకు నేరుగా వాటా కట్టే లెక్క అందులో లేదు. మిల్లుకు ఎథనాల్ డబ్బు త్వరగా వస్తే బకాయిలు త్వరగా తీరవచ్చును, ఆ మేలు ఉన్నది. 14 రోజులలో డబ్బు చెల్లించాలని 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. గడువు దాటితే 15 శాతము వడ్డీ కూడ అందులోనే ఉన్నది. ఈ సీజనులో కటింగు ఆర్డరు తీసుకొనేటప్పుడు, మిల్లు చెఱకును చక్కెరకు ఎంత, ఎథనాల్‌కు ఎంత ఆడిస్తున్నదో రైతు సంఘము తరఫున వ్రాతపూర్వకముగా అడగండి. విస్తరణోద్యోగులు ఆ కాగితము వ్రాయడంలో సాయపడగలరు.