'బాయ్‌కాట్' అనేది ఒక మనిషి పేరు! ఐర్లాండ్ ఎస్టేట్ ఏజెంట్ కథ

ఏదైనా సినిమా నచ్చకపోతే చాలు, పొద్దున్నే ఫోన్ తెరవగానే 'బాయ్‌కాట్' అని ట్రెండింగ్‌లో కనిపిస్తుంది. నేనూ ఆ మాట ఎన్నోసార్లు వాడాను. అది ఒక మనిషి ఇంటిపేరని తెలిశాక మాత్రం ఆశ్చర్యపోయాను. ఆయన రాజూ కాదు, మంత్రీ కాదు. ఒక పెద్ద భూస్వామి దగ్గర కౌళ్లు వసూలు చేసే ఏజెంట్.

ముందు ఈ ఏజెంట్ ఎవరో చూద్దాం. 19వ శతాబ్దపు ఐర్లాండ్‌లో వేల ఎకరాలు కొద్దిమంది ప్రభువుల చేతుల్లో ఉండేవి. వాళ్లలో చాలామంది ఆ పొలాల దగ్గర ఉండేవాళ్లు కాదు. అందుకే జీతానికో, వసూళ్లలో వాటాకో ఒక మనిషిని పెట్టుకునేవాళ్లు. పొలం ఎవరికి ఇవ్వాలి, కౌలు ఎంత, బాకీ పడితే ఎవరిని ఖాళీ చేయించాలి, ఇవన్నీ ఆయన చేతుల మీదుగానే జరిగేవి. మన జమీందారీల్లో దివాన్లు, గుమాస్తాలు చేసిన పనిలాంటిదే అనుకోండి. రైతు కళ్లకు కనిపించేది ఏజెంట్ ఒక్కడే. యజమాని కనిపించడు.

చార్లెస్ బాయ్‌కాట్ 1832లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కొన్నాళ్లు సైన్యంలో ఉన్నారు. తర్వాత పశ్చిమ ఐర్లాండ్‌లోని మేయో కౌంటీలో, మాస్క్ సరస్సు పక్కన, లార్డ్ ఎర్న్ భూములకు ఏజెంట్ అయ్యారు. వసూలైన కౌలులో పదో వంతు ఆయనది. కోళ్లు తన పొలంలోకి వచ్చినా జరిమానా వేస్తాడని రైతులు మండిపడేవాళ్లు.

1879లో పంటలు దెబ్బతిన్నాయి. ఆ ఏడాదే మైఖేల్ డేవిట్, పార్నెల్ వంటి నాయకులతో లాండ్ లీగ్ పుట్టింది. 1880లో లార్డ్ ఎర్న్ కౌలు 10 శాతం తగ్గిస్తానన్నారు. రైతులు 25 శాతం అడిగారు. ఒప్పుకోలేదు. సెప్టెంబర్‌లో బాయ్‌కాట్ తరఫున ఖాళీ చేయమని నోటీసులు వెళ్లాయి. నోటీసులు తెచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు రాళ్లు, బురద విసిరి వెనక్కి తరిమారు.

తర్వాత జరిగిందే అసలు కథ. ఎవరూ ఆయన్ని కొట్టి చంపలేదు. పనివాళ్లు పని మానేశారు. కమ్మరి రాలేదు, చాకలి రాలేదు. దుకాణంలో సరుకు అమ్మలేదు. మన ఊళ్లలో 'చాకలి, మంగలి బంద్' అంటారే, అచ్చం అదే! తేడా ఒకటి ఉంది. మన దగ్గర వెలి ఎక్కువగా బలమున్నవాళ్లు బలహీనుల మీద వాడిన ఆయుధం. మేయోలో దాన్ని కిందివాళ్లు పైకి తిప్పారు.

పొలంలో పంట అలాగే ఉండిపోయింది. నవంబర్‌లో ఉత్తరం వైపు జిల్లాల నుంచి 50 మంది వాలంటీర్లు కోతకు వచ్చారు. వాళ్ల కాపలాకి దాదాపు వెయ్యి మంది సైనికులు, పోలీసులు. సుమారు 500 పౌండ్ల పంటకి 10,000 పౌండ్ల దాకా ఖర్చయిందని అంచనా. నెలాఖరుకి బాయ్‌కాట్ కుటుంబంతో సహా ఊరు వదిలారు. ఆయన పేరు మాత్రం అప్పటికే క్రియాపదం అయిపోయింది.

1881లో కొత్త భూచట్టం వచ్చింది. న్యాయమైన కౌలు ఎంతో తేల్చే అధికారం కోర్టులకు దక్కింది. బాయ్‌కాట్ చివరికి ఇంగ్లండ్‌లో మళ్లీ ఎస్టేట్ ఏజెంట్‌గానే పనిచేసి 1897లో చనిపోయారు.

నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. కౌలు తగ్గించాలా వద్దా అన్నది లార్డ్ ఎర్న్ చేతిలో ఉన్న మాట. కౌలు డబ్బులో పెద్ద వాటా ఆయనదే. ఆయన పేరు ఈరోజు ఎంతమందికి తెలుసు? డిక్షనరీలోకి ఎక్కింది మాత్రం ఏజెంట్ పేరు. బాయ్‌కాట్ అమాయకుడని నేననడం లేదు, నోటీసులు పంపింది ఆయనే. కానీ పైనున్నవాడు మధ్యలో ఒక మనిషిని నిలబెట్టుకునేది ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది కదా? లాభం పైకి పోతుంది, తిట్లు మధ్యలోనే ఆగిపోతాయి.

ఈసారి 'బాయ్‌కాట్' అని టైప్ చేసే ముందు ఒక్క క్షణం ఆగండి. మన కోపం అసలు మనిషి మీదా, మధ్యలో ఉన్నవాడి మీదా? మీ ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన దివాను కథలు, గుమాస్తా కథలు ఉంటే కింద రాయండి. నేను అన్నీ చదువుతాను. ఉంటాను మరి!