తాపీతీరమునుండి శత్రుంజయమునకు

తాపీనది సాగరమును చేరుచోట సమతలభూమిపై వెలసిన సూరతు నగరమునకు కొండ లేదు. మొగలాయి కాలమున హజ్ యాత్రికులకు ఓడరేవై, ఆంగ్లేయులకును డచ్చివారికిని గిడ్డంగుల కిరవై, సరకులతోడనే కాలము గడపిన యీ పట్టణమున, గోపీపురా మొదలగు పేటలలో కాపురముండిన జైన శ్రావకులు మాత్రము తమకొక కొండ కలదనియే తరతరములుగా భావించుచు వచ్చిరి. అది ఖంభాతు సింధుశాఖకు ఆవలి యొడ్డున, పాలితాణా చెంతనున్న శత్రుంజయము.

దాని యెత్తు సుమారు 600 మీటర్లు. మెట్లు 3,500 దాకా కలవు. అలిపిరి దారి నెరిగిన మనవారి కా యాయాసమును వర్ణింప నక్కరలేదు. అయితే మనము కొండపై ప్రసాదము తిని, రాత్రి అచటనే నిద్రచేసి దిగుదుము. శత్రుంజయముపై ఆహారము ముట్టరాదు, ప్రొద్దు క్రుంకులోపల దిగివచ్చి తీరవలయును. హింగళాజమాత గుడికడ నిట్టనిలువైన మెట్లపై పెద్దల మోకాళ్లు పట్టుతప్పును. నడువలేని వృద్ధులు డోలీలలో పోవుదురు. దిగివచ్చినవారికి కొండ పాదమున 'భాతా' యను పేర లడ్డును కారప్పూసయు పెట్టుదురు.

రైలు సూరతునకు 1860లోను, ఆవలి యొడ్డున భావనగరునకు 1880లోను వచ్చెను. అంతకు పూర్వము ఓడనెక్కి ఘోఘారేవున దిగుటయో, భరూచి, వడోదరాల మీదుగా సింధుశాఖను చుట్టి నడచుటయో తప్ప గత్యంతరము లేదు. కాలినడకన పోవు యాత్రికుల సంఘమునకు నియమములు కఠినములు: ఒంటిపూట భోజనము, నేలపై శయనము, బ్రహ్మచర్యము, చెప్పులు లేని నడక. వ్యయమంతయు ఒక్క కుటుంబము భరించును. యాత్రాంతమున ఆ గృహస్థునకును భార్యకును తీర్థమాల వేయుదురు. ఇట్లు సంఘమును నడపిన వంశములకే 'సంఘవీ' యను ఇంటిపేరు నిలిచినది. సొంత సొమ్ముతో ఊరివారి నెందరినో కొండకు నడపించుట, వర్తకుని లెక్కలలో ఏ పద్దుక్రింద వ్రాయబడెనో నేనెరుగను గాని, ఆ పద్దును కొడుకులు కొట్టివేయలేదు.

ఈ కొండ కథలన్నియు బంధువుల కథలే. ఇచట తొలుత ముక్తినొందిన పుండరీకుడు తొలి తీర్థంకరుడగు ఆదినాథుని మనుమడు. తాత ఆలయమున కెదురుగా ఆతని గుడి కలదు. పాండవులైదుగురును ఇచటనే సిద్ధిపొందిరని జైనుల విశ్వాసము. శ్రీకృష్ణుని కుమారులగు ప్రద్యుమ్న సాంబులు ముక్తులైన దినమని ఫాల్గుణ శుద్ధ త్రయోదశినాడు లోకమంతయు తరలివచ్చి కొండచుట్టు ఆరు క్రోసులు నడచును. ఆదపురమున వేసిన పందిళ్లలో వారికి పెరుగును రొట్టెలును పెట్టుదురు.

నా కన్నిటికంటె ఆశ్చర్యము కలిగించునది ఉదయన మంత్రి కథ. 14వ శతాబ్దారంభమున మేరుతుంగుడు ప్రబంధచింతామణిలో దీనిని చెప్పెను. చౌళుక్యరాజు కుమారపాలుని మంత్రియగు ఉదయనుడు, శత్రుంజయముమీది కొయ్యగుడిలో ఎలుక యొకటి వెలుగుచున్న ఒత్తిని ఈడ్చుకొనిపోవుట చూచి, దానిని రాతితో కట్టింతునని ప్రతినపూని, అది తీరకమున్నే యుద్ధమున గాయపడి మరణించెను. కుమారుడు వాగ్భటుడు పని పూనెను. గుడి పూర్తియైనదన్న దూతకు బహుమానమిచ్చెను. అది బీటలువారినదన్న రెండవ దూతకు, తాను బ్రదికియుండగనే తెలిసినది గదా యని రెట్టింపిచ్చెను. ప్రదక్షిణమార్గమున దూరిన గాలియే బీటలకు కారణమనియు, ఆ మార్గమును లేకుండచేసినచో కట్టించినవాని వంశము నిలువదనియు శిల్పులు చెప్పగా, ధర్మమే నా సంతానమని పలికి ఆ సందును రాళ్లతో పూడ్పించెను. తండ్రి ప్రతిన తీర్చుటకై తన వంశమునే పణముగా పెట్టిన యీ పుత్రుని ఏమనవలయును!

వాగ్భటుని పిమ్మట దాదాపు ఏడువందల యేండ్లు గడచినను ఆ వరుస తప్పలేదు. బొంబాయి ఓడల వర్తకుడు సేఠ్ మోతీషా కొండమీది కుంతాసరమను లోయను పూడ్పించి దానిపై ఆలయసముదాయము నెత్తించి, ప్రతిష్ఠ చూడకయే 1836లో గతించెను. మరుసటి యేడు కుమారుడు ఖీమ్‌చంద్ దానిని జరిపించెను.

రాజ్యమున కీ భక్తి ఆదాయమయ్యెను. 1886 ఒడంబడిక ననుసరించి జైనులు పాలితాణా ఠాకూరునకు ఏటేట 15,000 రూపాయలు చెల్లించిరి. ఆ గడువు 1926లో ముగియగా మరల యాత్రికులపై పన్ను ప్రసక్తి వచ్చుటచే, వారు రెండేండ్లకు పైగా కొండ నెక్కుటయే మానిరి. 1928లో సిమ్లాయందు ఏటికి 60,000 వంతున 35 ఏండ్లకు రాజీ కుదిరినది. ఆ నడుమ మనుమని చేయిపట్టి ఎక్కింపగోరిన వృద్ధులకు వ్యవధి చాలెనో లేదో ఒడంబడికలో లెక్కకు రాదు.

నేటికిని ధర్మశాలలో దిగి, అవ్వలతో మనుమరాండ్రు తొంబదితొమ్మిది మార్లెక్కు 'నవ్వాణూ' వ్రతము సాగుచున్నది. రెండు దినములు నీరైనను ముట్టక ఏడుసార్లెక్కు యువకులును కలరు. 2020 నవంబరులో సూరతు చెంతనున్న హజీరాకును ఘోఘాకును నడుమ పెద్ద పడవలు నడువసాగుటచే, సుమారు 370 కిలోమీటర్ల రోడ్డుమార్గము 90 కిలోమీటర్ల జలమార్గమైనది; పూర్వుల ఓడదారియే మరల తెరువబడినదన్నమాట.

ఆ పడవలలో జైనులే కారు. సూరతులో వజ్రములకు సానపట్టువారిలో పెక్కురు సౌరాష్ట్రమువారు. దీపావళి సెలవులకు కార్ఖానాలు మూతపడగానే ఇంటికి పోవుదురు. కార్తిక శుద్ధ ఏకాదశినుండి పున్నమివరకు అచటి గిరినార పర్వతమును చుట్టు 36 కిలోమీటర్ల 'లీలీ పరిక్రమ' ఆ సెలవుల వెంటనే వచ్చును. ఝీణాబావా మఢి, మాళవేలా, బోర్‌దేవి మజిలీలలో అడవియందే నిద్రించుచు, వంటపాత్రలు తలకెత్తుకొని, ఇట్వా, మాళవేలా, నాళపాణీ 'ఘోడీ'లను కనుమలను సంసారములతో ఎక్కి దిగుదురు. ఏడాది పొడుగున సానచక్రము ముందు కదలక కూర్చుండువారికి నాళపాణీ యెత్తు సామాన్యము కాదు. పిల్లలు ముందు పరుగెత్తుచుండగా తండ్రులే వెనుకబడుదురు.