మధుమేహ వ్యాధిగ్రస్తులు పాదాలను ప్రతిదినం పరీక్షించుకోవాలి

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువు వంటి మెట్ట మండలాలలో, వేరుశనగ చేలలో చెప్పులు లేకుండా నడిచే మధుమేహ వ్యాధిగ్రస్తులకు ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చును. రక్తంలో చక్కెర దీర్ఘకాలం అధికంగా ఉన్నచో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదు గనుక పుండు లేదనుకోవడమే అసలు ప్రమాదం. పాదం తొలగించవలసిన స్థితి తరచుగా ఇటువంటి చిన్న గాయంతోనే మొదలవుతుంది.

స్పర్శను ఇంటివద్దనే పరీక్షించవచ్చును. వ్యాధిగ్రస్తుడు కళ్లు మూసుకొనగా, కుటుంబసభ్యులొకరు రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకాలి. ఆరింటిలో రెండు లేక అంతకు మించి తెలియకపోతే వైద్యునికి చూపించాలి. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో ప్రకటించిన ఈ పద్ధతికి పరికరమేదీ అవసరం లేదు. అయినను ఏడాదికొకసారి ఆసుపత్రిలో 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ప్రతి రాత్రి పాదాలు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. పగిలిన మడమలకు కొబ్బరినూనె రాయవచ్చును గాని, వేళ్ల సందులలో రాయరాదు. వేడినీటి కాపడం, ఆనెలను బ్లేడుతో కోయడం తగదు. కుష్ఠు వ్యాధిగ్రస్తులకు ఇచ్చే మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు స్పర్శ కోల్పోయిన వీరికి సైతం అనువైనవే. పొక్కు, ఎరుపు, వాపు కనిపించిననాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సంప్రదించాలి.